పీట మీద దేవరాజులు

మద్రాసు దగ్గరి మణవాళనగర్‌లో దేవరాజులు దగ్గరికి ఆదివారం పొద్దున వెళ్ళిన కుర్రవాడు సాయంత్రానికి గుండుతో తిరిగొచ్చేవాడు. చదువెక్కకపోయినా, సినిమా పిచ్చి పట్టినా, ఊరికే గోడకేసి చూస్తూ కూర్చున్నా ఆయన మందు ఒకటే: తిరుత్తణి కొండెక్కించి దేవుడి దగ్గర తల నున్నగా చేయించడం. సోమవారం మద్రాసు వెళ్ళే కరెంటు రైలుబండిలో కొత్త గుండ్లు కనబడితే దేవరాజులుకు గిరాకీ బాగుందని జనం అనుకునేవారు. ఆడపిల్లలకు మాత్రం పెళ్ళి. ఇంత సులువైన వైద్యం ఏ పెద్దాసుపత్రిలో దొరుకుతుంది చెప్పండి?

వారమంతా ఆయన మద్రాసులో గుమాస్తా. అక్కడ ఆయన మాట ప్యూను కూడా వినడు. అందుకే కాబోలు, ఆదివారం తన ఇంటి తిన్నె మీద ఊరి పిల్లలందరినీ బాగుచేసే పని పెట్టుకున్నాడు. పద్ధతిగా చేసేవాడు, పాపం. వచ్చినవాళ్ళకు చాప, తనకు పీట. కన్నవాళ్ళే మాట్లాడాలి, పిల్లలు నోరెత్తకూడదు. కడంబత్తూరు రత్నస్వామి కొడుకు ఒకసారి పెదవి కదిపాడో లేదో, "నిన్నెవురడిగినారు? కన్నోళ్ళకు తెలీంది నీకేం తెలుస్తాది?" అని కసిరి కొండకు పంపాడు.

ఇంతటి మహానుభావుడి ఇంట్లో కూతురు కాంచన ప్లస్ టూ పరీక్ష తప్పింది. అప్పటినుంచి అన్నం కెలికి లేచిపోతోంది, మాట్లాడడం మానేసింది.

"పిల్లతో ఒక్క మాట మాట్లాడండి. నాకు బయమేస్తా వుంది" అని భార్య అలమేలు వెంటబడింది.

"మాట్లాడేదానికేముంది? ఆదివారం సాయంత్రం అరక్కోణమోళ్ళు పిల్లను చూసేదానికి వస్తా వుండారు" అన్నాడాయన. రోగిని చూడకుండానే మందు రాయడంలో చేయి తిరిగినవాడు.

ఆదివారం వచ్చింది. రత్నస్వామి మళ్ళీ వచ్చాడు. కొడుక్కి జుట్టు పెరిగింది గాని గుణమేమీ కనబడలేదట. దేవరాజులు మందు చెప్పేలోగా కాంచన లోపలినుంచి వచ్చి చాప మీద కూర్చుంది.

"ఏందిది? లోపలికి పో" అన్నాడు దేవరాజులు.

"ఈడ కన్నోళ్ళే గదా చెప్పాల. నాకేమైందో నువ్వు చెప్పు నాయనా."

దేవరాజులు ప్లస్ టూ తప్పిందన్నాడు. అది వీధి వీధంతా ఎరుగును. తిండి ఎందుకు మానిందో, నిద్రపోతోందో లేదో, మనసులో ఏముందో ఒక్కటీ ఆయనకు తెలియదు. బుగ్గలు లోపలికి పోయిన కూతురి ముఖం ఆయన అప్పుడే సరిగ్గా చూశాడు. ఆయనకూ భయం వేసింది.

పీట దిగి ఆమె పక్కన చాప మీద కూర్చున్నాడు. "నాకు తెల్దు తల్లీ. నువ్వే చెప్పు."

కాంచన చెప్పబోయి ఏడ్చింది. ఆయన కసరలేదు. ఏడుపు మధ్యనే, "తప్పినప్పట్నించి నాకు బతకబుద్ధి గాలేదు నాయనా. పెండ్లి వొద్దు. మళ్ళా రాస్తాను" అంది.

దేవరాజులు తల తిప్పకుండానే, "అలమేలూ, అరక్కోణమోళ్ళను రావద్దని చెప్పంపు" అని లోపలికి కేకేశాడు. తర్వాత కూతురిని అడిగాడు. "ఇంత కడుపులో పెట్టుకున్నావే, నాకు ముందే చెప్పకూడదా అమ్మా?"

"చెప్దామని ప్రతి ఆదివారం ఈ తలుపు పక్కనే నిలబడినాను నాయనా. పిల్లలు నోరెత్తకూడదని నువ్వు చెప్తా వుంటివి."