గుడ్డుకు సున్నం

ఆ వీధిలో అందరూ ఆయన్ను బ్రష్షు బాబాయ్ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ళు ఇళ్ళకు రంగులు వేశాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి ఒక్కసారి జరిపితే చాలు, నున్నదనం కోసం రంగు కింద పూసిన లప్పం ఎక్కడ ఎత్తుగా ఉందో చెప్పేసేవాడు. యాభై ఆరో ఏట నిచ్చెన మీంచి జారి మడమ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పిన రోజు డాక్టరు, "నడవండి, కానీ ఎక్కడం మాత్రం మానెయ్యండి" అన్నాడు. ఎక్కడం మానేస్తే ఇక ఆయనకి మిగిలేది మనిషి చెయ్యెత్తు గోడే.

ఇంట్లో కూర్చుని భార్య చేసే ప్రతి పనికీ వంకలు పెట్టసాగాడు. ఆవిడ వారం రోజులు ఓపిక పట్టింది. ఎనిమిదో రోజు, దగ్గర్లోని బడిలో ఆదివారం పొద్దున్నే పెద్దవాళ్ళకు బొమ్మలు వెయ్యడం నేర్పుతున్నారని కనుక్కొచ్చింది.

"వెళ్ళండి. రంగులు మీకు కొత్తేం కాదుగా?"

"కొత్తా? నేనే నేర్పి వస్తా" అన్నాడు.

నేర్పేది రిటైరైన డ్రాయింగు టీచరమ్మ. మొదటి ఆదివారం ఆవిడ రంగుల డబ్బా మూత కూడా తీయనివ్వలేదు. పెన్సిలుతో ఏడు గళ్ళు గీయించి, మొదటిది తెల్లగా వదిలి, చివరిది నల్లగా నింపి, మధ్యవాటిని మెట్లు మెట్లుగా ముదురు చెయ్యమంది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పళ్ళు బిగబట్టి గళ్ళు నింపాడు.

రెండో ఆదివారం తెల్లటి బట్ట మీద కోడిగుడ్డు పెట్టి రంగులతో వెయ్యమంది. మిగతావాళ్ళు ఇంకా బ్రష్షు నీళ్ళలో ముంచుతుండగానే ఆయన ముగించేశాడు. గీత వంకర పోలేదు, పూత ఎక్కడా చారలు కట్టలేదు. టీచరమ్మ కాగితం తీసుకుని కాసేపు చూసింది.

"పని భలే నున్నగా ఉందండీ. కానీ మీరు గుడ్డు వెయ్యలేదు, గుడ్డుకి సున్నం వేశారు."

గదిలో అందరూ నవ్వారు.

"తెల్లగుడ్డు తెల్లగా కాకపోతే ఇంకెలా ఉంటుందమ్మా?"

"కళ్ళు సగం మూసి చూడండి. అడుగున ఏ రంగుంది?"

చూశాడు. తెలుపే కనిపించింది. "మచ్చలేం లేవే" అన్నాడు.

చిక్కంతా అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళుగా గోడ మీద నీడలాంటిది కనిపిస్తే అది తన తప్పే. గీకి, మళ్ళీ పూత వేసేవాడు. ఇప్పుడీవిడ ఆ మచ్చే వెయ్యమంటోంది. తర్వాతి రెండు ఆదివారాలు మడమ నొప్పని ఇంట్లోనే ఉండిపోయాడు. భార్య నమ్మలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ కిటికీ పక్కన కూర్చుని పచ్చ చొక్కాకు గుండీ కుడుతోంది. ఆయనకెందుకో కళ్ళు సగం మూసి చూడాలనిపించింది. కిటికీ వైపు చెంప వెలుగులో ఉంది. రెండో చెంప మీద వెలుగు కొంచెం కొంచెంగా తగ్గుతూ చెవి దగ్గర ఆగిపోయింది. దవడ కింద మాత్రం ఒళ్ళోని చొక్కా రంగు సన్నగా పాకింది.

"కదలకు!"

"ఏంటి, జెర్రా?" ఆవిడ సూది వదిలేసి ఒక్క ఉదుటున లేచింది.

"జెర్రి కాదే, నీ మొహం! దవడ కింద పచ్చగా ఉంది."

"కాలితో పాటు కళ్ళూ చూపించాలేమో" అంటూనే మళ్ళీ కూర్చుంది.

ఆ ఆదివారం ఆయన క్లాసుకు వెళ్ళాడు. వరసగా గుడ్లే వేశాడు. పదకొండోది కాగితం మీంచి దొర్లిపోతుందేమో అన్నట్టు వచ్చింది. టీచరమ్మ మెచ్చుకోలేదు. పక్కన ఇంకో గుడ్డు పెట్టి, "ఇప్పుడు రెండూ" అంది.

ఇప్పుడాయన వీధి చివరి రంగుల దుకాణంలో రంగులు కలుపుతున్నాడు. ఎవరైనా గోడకు రంగు కావాలని వస్తే వెంటనే ఇవ్వడు. చెక్కముక్క మీద పూసిచ్చి, "పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి గోడకి ఆనించి చూసుకోండి, అప్పుడు రండి" అంటాడు. దుకాణం యజమాని మొదట్లో గొణిగాడు. నచ్చలేదని డబ్బాలు వెనక్కి తెచ్చేవాళ్ళు తగ్గాక ఊరుకున్నాడు.

మొన్న భార్య బొమ్మ పూర్తి చేశాడు. ఆవిడ దూరంగా పెట్టి చూసి, "మా పెద్దన్నయ్యలా ఉన్నాను" అంది. ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. ఆవిడ అద్దం తెచ్చి బొమ్మ పక్కన నిలబెట్టి, అందులో తన మొహం చూపించాక ఒప్పుకోక తప్పలేదు.

చేతుల దగ్గర ఇంకా తంటాలు పడుతున్నాడు. వేళ్ళు బెండకాయల్లా వస్తున్నాయి.