చేపలకు డయాలసిస్ చేసిన సిస్టరమ్మ

ఆ మంగళవారం నేను పొద్దుటి డ్యూటీలో ఉన్నాను. ఎయిర్‌పోర్టులో సామాన్ల బెల్టులు బాగుచేయడం నా పని. బెల్టు కింద పడుకుని బోల్టు బిగిస్తుంటే జేబులో ఫోను మోగింది. చేతులనిండా గ్రీజు, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. మళ్ళీ మోగింది. బుద్వేల్‌లో ఉండే సిస్టరమ్మ చెల్లెలు. "అక్క పోయింది బిడ్డా" అని ఒక్క మాట చెప్పింది. ఆ బోల్టు పూర్తిగా బిగించి బెల్టు కిందనుంచి బయటికొచ్చాను.

సిస్టరమ్మ మా ఇంటి ఓనరమ్మ. శంషాబాద్‌లో ఆవిడ పైన, నేను కింద గదిలో, నాలుగేళ్ళుగా. సర్కారు దవాఖానలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. కూరగాయల బండివాడి దగ్గర్నుంచి చర్చి పాస్టరుగారి దాకా అందరికీ ఆవిడ సిస్టరమ్మే. తెల్లచీర మానలేదు, చేతి గడియారం మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకోవడమూ మానలేదు. రెండేళ్ళ క్రితం కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉప్పు వద్దన్నారు, నీళ్ళు కొలిచి తాగమన్నారు. చిన్న స్టీలు గ్లాసు ఒకటి పెట్టుకుని, రోజుకు దాంతో ఎన్నిసార్లు తాగాలో అన్నిసార్లే తాగేవారు. ఎవరి మీదా విసుక్కోవడం నేను చూడలేదు.

ఆవిడ గురించి రాయాలంటే నా చేపల గురించి రాయాలి. చేపల గురించి రాయాలంటే నేనాడిన అబద్ధం గురించి కూడా రాయక తప్పదు.

మాది కాకినాడ దగ్గర, సముద్రం ఒడ్డు. ఉద్యోగానికి ఇక్కడికొచ్చాక నాకు అన్నీ కుదిరాయి, సముద్రం ఒక్కటే లేదు. సెలవురోజున హిమాయత్ సాగర్ గట్టు మీద కూర్చునేవాణ్ణి గాని, అది మంచినీళ్ళ చెరువు. ఉప్పువాసన లేని నీళ్ళు ఎంతసేపని చూస్తాం. అలాంటి సమయంలో నాతో పనిచేసే ఒకాయనకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆయన ఇంట్లో ఉప్పునీళ్ళ అక్వేరియం ఉంది. మూడడుగుల అద్దం తొట్టి, పంపు, లైట్లు, ఒక టబ్బునిండా సముద్రపు రాళ్ళు, తెల్లచారలున్న నారింజరంగు చేపలు రెండు, ఒక చిన్న పగడపు మొక్క. మొక్క అనకూడదట, అది కూడా ప్రాణే. అన్నీ కలిపి నాకిచ్చేశాడు. ఇస్తూ ఒకటే చెప్పాడు: "రాళ్ళు జాగ్రత్త. చేపలు వదిలిన విషమంతా ఆ రాళ్ళలో ఉండే కంటికి కనపడని సూక్ష్మజీవులే తినేస్తాయి. ఈ తొట్టికి కిడ్నీలు ఆ రాళ్ళే."

ట్రాలీ ఆటోలో అంతా తెచ్చి వరండాలో దింపాను. చేపలు ఒక బకెట్లో, రాళ్ళు వాటి పాతనీళ్ళలోనే ఇంకో టబ్బులో. తొట్టి నీళ్ళలో కలిపే సముద్రపు ఉప్పు కొనుక్కురావడానికి బజారుకెళ్ళాను. వెళ్ళేటప్పుడు ఆ టబ్బు ముట్టుకోవద్దని ఒక్కమాట పైకి కేక వేసి ఉంటే సరిపోయేది. వెయ్యలేదు.

తిరిగొచ్చేసరికి టబ్బు ఖాళీ. మేడ మీదికి వెళ్తే చాప మీద నా రాళ్ళన్నీ వరసగా, వడియాలు ఎండబెట్టినట్టు, తెల్లగా మెరుస్తున్నాయి. పక్కన బ్లీచింగ్ పౌడరు డబ్బా. సిస్టరమ్మ చేతులు తుడుచుకుంటూ ఎంతో తృప్తిగా నావైపు చూశారు. కంపు కొడుతున్నాయని, పురుగులు పాకుతున్నాయని, వేణ్ణీళ్ళలో బ్లీచింగ్ కలిపి, బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగారు. దవాఖానలో ముప్ఫై ఏళ్ళు కంటికి కనపడని క్రిములతో యుద్ధం చేసిన మనిషి. పాపం, ఎవరింటి రాయి దొరికినా అదే చేసి ఉండేవారు.

నేను మెట్ల మీద కూలబడ్డాను. కోపాన్ని దాచుకోవడం నాకు రాదు. రాళ్ళంటే ఏమిటో, వాటిలో ఏముంటుందో గబగబా చెప్పేశాను. కిడ్నీలన్న మాట కూడా అనేశాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను గాని అప్పటికే ఆవిడ విన్నారు.

ఆవిడ ఏడవలేదు, సంజాయిషీ చెప్పలేదు. రాళ్ళవైపు ఒకసారి, కింద బకెట్టువైపు ఒకసారి చూశారు.

"అట్లయితే గా రాళ్ళు బతికేదాక చేపలకు గూడ డయాలసిస్ చెయ్యాలె. నాకెట్ల చేస్తున్నరో నాకెర్కే గద బిడ్డా," అన్నారు.

అదే చేశారు. రాళ్ళను బ్లీచింగ్ వాసన పోయేదాకా రోజుల తరబడి నీళ్ళు మార్చి నానబెట్టాం. తొట్టి పాత యజమానిని ఫోనులో బతిమాలితే తెలిసినవాళ్ళ తొట్టిలోంచి ఇంకా ప్రాణమున్న రాయి ఒకటి ఇప్పించాడు. దాన్ని మిగతా రాళ్ళ మధ్య పెడితే అందులోని సూక్ష్మజీవులు నెమ్మదిగా వాటికీ పాకుతాయి, కానీ రెండు నెలలు పడుతుంది. అంతవరకూ చేపలూ పగడమూ పక్కన చిన్న టబ్బులో ఉండాలి. రోజూ కొంత పాతనీరు తీసి, సరిగ్గా అంతే కొత్త ఉప్పునీరు పొయ్యాలి. లేకపోతే వాటి విషమే వాటిని చంపుతుంది.

నేను డ్యూటీకి పోతే ఆ పనంతా ఆవిడదే. డయాలసిస్ నుంచి వచ్చిన రోజున ఆవిడ ఒరిగిపోయి ఉండేవారు, అయినా సాయంత్రానికి గోడ పట్టుకుని మెట్లు దిగేవారు. ఒకేసారి గుమ్మరిస్తే చేపలు బెదురుతాయని సెలైన్ ఎక్కించే ట్యూబు ఒకటి తెచ్చారు. బకెట్టును స్టూలు మీద పెట్టి, ట్యూబులోంచి చుక్కచుక్కగా నీళ్ళు వదిలి, మణికట్టు తిప్పి గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టేవారు. నేను ట్యూబు చక్రం కాస్త తిప్పి తొందరపెట్టబోతే చెయ్యి మీద ఒకటి వేసేవారు. "పేషెంటు ముందట తొందరపడొద్దు," అనేవారు. అట్టముక్క మీద కాగితం క్లిప్పు పెట్టి చేపలకు చార్టు కూడా రాశారు. వేడి ఎంత, ఉప్పు ఎంత, తిన్నాయా లేదా. మొదటి రోజు గడిలో ఎర్రసిరాతో "రాళ్ళు కడిగింది నేనే" అని రాసి కింద సంతకం పెట్టారు. ఇదెందుకమ్మా అంటే, తప్పు జరిగితే రాయాలె, రాయకపోతే తర్వాత డ్యూటీకొచ్చినోళ్ళు మోసపోతరు అన్నారు.

రెండు నెలలకు చేపలు పెద్ద తొట్టిలోకి వెళ్ళాయి. పెద్దచేప వెళ్ళగానే పగడం పక్కన చోటు చూసుకుంది, చిన్నది దాని వెనకే తిరిగింది. సిస్టరమ్మ కుర్చీ వేసుకుని ఆ సాయంత్రమంతా చూశారు. అప్పట్నుంచి నేను ఇంటికి రాగానే నువ్వు తిన్నావా అని కాదు, చేపలు తిన్నాయా అని అడిగేవారు. ఉప్పు మూట విప్పినప్పుడల్లా నవ్వేవారు. "నన్ను తినొద్దన్న ఉప్పంత నీ చేపలే తింటున్నయి," అనేవారు. నేను ఆ గదిలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

ఎండాకాలం వచ్చింది. సిస్టరమ్మకు నీరసం ఎక్కువైతే పది రోజులు బుద్వేల్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళారు. వెళ్ళేముందు నాకు మంచినీళ్ళది ఒకటి, ఉప్పునీళ్ళది ఒకటి, రెండు క్యాన్లు చూపించి ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఎండకు తొట్టిలో నీళ్ళు తగ్గుతాయి. ఆవిరయ్యేది నీళ్ళే గాని ఉప్పు కాదు, కాబట్టి తగ్గినంత మంచినీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు పొయ్యకూడదు. నేను సరేనన్నాను గాని లోపల నవ్వుకున్నాను. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి సముద్రం గురించి చెప్పడమా. రెండో రోజు మంచినీళ్ళ క్యాను అయిపోయింది. నింపుకురావడానికి బద్ధకించాను. సముద్రపు చేపలకు సముద్రపు నీళ్ళు పోస్తే తప్పేముందని ఆ వారమంతా ఉప్పునీళ్ళే పోశాను. ఉప్పు కొలిచే గాజుగొట్టం ఎదురుగానే ఉంది. ఒక్కసారి ముంచి చూడలేదు.

ఎనిమిదో రోజు పగడం ముడుచుకుపోయింది. తొమ్మిదో రోజు పెద్దచేప అడుగున పక్కకి ఒరిగి ఉంది. అప్పుడు ముంచి చూస్తే గొట్టం గీత దాటి పైకి తేలింది, ఉప్పు అంత పెరిగింది. హడావుడిగా మంచినీళ్ళు తెచ్చి పోశాను, కొలత దారికొచ్చింది, చేప మాత్రం పోయింది.

సిస్టరమ్మ వచ్చి ఖాళీ చోటు చూసి ఎట్లా పోయిందని అడిగారు. "మొదట్నుంచీ నీరసంగానే ఉంది కదమ్మా" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు సిగ్గే. ఆవిడ తలూపారు. చార్టు తీసి ఏదో రాశారు. ఆవిడ పైకి వెళ్ళాక చూశాను. "పెద్దచేప చనిపోయింది. కారణం: మొదట రాళ్ళు కడగడం." కింద మళ్ళీ ఆవిడ సంతకమే.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకుంటూ రోజులు గడిపాను. ఒకరోజు చర్చిలో పాటలు పాడే ముసలమ్మ ఒకామె సిస్టరమ్మను చూడ్డానికొచ్చి, కింద నా గదిలోకి తొంగి చూసి, "గివ్వేనా ఆ చేపలు" అంది. అప్పుడు తెలిసింది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పే సమయానికి సిస్టరమ్మ లేచి నిలబడ్డారట. అందరూ జబ్బు నయమైందనో, ఉద్యోగం వచ్చిందనో చెబుతుంటే, ఆవిడ తన తొందర వల్ల, తెలుసుకోకుండా తను చేసిన పని వల్ల ఒక ప్రాణం పోయిందని, దేవుడు క్షమించేలా తనకోసం ప్రార్థన చెయ్యండని అడిగారట. సంఘమంతా ప్రార్థన చేశారట. ముసలమ్మ కళ్ళు ఒత్తుకుంటూ, నర్సుగా పనిచేసిన ఇన్నేళ్ళలో తన చేతిల తప్పు జరగలేదని చెప్పుకునేటిది, గిప్పుడు గట్ల చెప్పుకుంది అంది.

మర్నాడు డయాలసిస్‌కు నేనే తీసుకెళ్ళాను. మిషను నడుస్తుండగా పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. క్యాన్లు, బద్ధకం, అబద్ధం, అన్నీ. తిడితే బాగుండేది. ఆవిడ మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నారు.

"నాతోని చెప్పినవ్, మంచిదే. గని నేను పదిమంది ముందట నిలబడి చెప్పిన గద. నువ్వు గూడ ఆడనే చెప్పాలె," అన్నారు.

వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానన్నాను. వెళ్ళలేదు. నేను చర్చికి పోయేవాణ్ణి కాదు, అంతమంది ముందు చేప గురించి ఏమని చెప్పను, నవ్వుతారేమో అని భయం. ప్రతి శనివారం సాయంత్రం ఆవిడ తొట్టి దగ్గర కూర్చుని ఒక్కసారే అడిగేవారు, రేపు డ్యూటీ ఉన్నదా అని. ఉందనేవాణ్ణి. మూడు శనివారాలు అలాగే అన్నాను. అందులో రెండుసార్లు డ్యూటీ లేదు. ఆవిడకు తెలియదనుకోను. నా బండి వరండాలోనే ఉండేది. నాలుగో శనివారం ఆవిడ మెట్లు దిగలేదు. ఆ మంగళవారమే ఫోను వచ్చింది.

సమాధి చేసిన కొన్నాళ్ళకు మేడ మీద షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నలభైమంది దాకా వచ్చారు. పాటలయ్యాక పాస్టరుగారు అమ్మ గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. ఒకరిద్దరు ఆవిడ వేసిన ఇంజెక్షన్ల గురించి, చేయించిన కాన్పుల గురించి చెప్పారు. నేను లేచాను.

"సిస్టరమ్మ మీ అందరి ముందూ తన వల్ల చచ్చిపోయిందని చెప్పిన చేప, ఆవిడ వల్ల చావలేదండి. నా బద్ధకం వల్ల చచ్చిపోయింది. ఆవిడ చెప్పినట్టు చెయ్యకపోగా, తప్పు ఆవిడ మీద పడుతుంటే ఊరుకున్నాను," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఆవిడ చెల్లెలు వెనక్కి తిరిగింది. "గీ ముచ్చట మా అక్కకు ఎర్కేనా?" అని అడిగింది. ఎరుకేనని, అందరి ముందూ చెప్పమన్నది ఆవిడేనని, బతికుండగా రాలేకపోయానని చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు, రెండూ అయి ఉంటాయి.

అప్పుడు ఆ పాటల ముసలమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "గట్లయితే మనం చేసిన ప్రార్థన ఆమెకు అక్కర లేకుండె. గీ పిల్లగానికి చెయ్యాలె," అని, ఎవరి జవాబు కోసమూ చూడకుండా కళ్ళు మూసుకుంది. షామియానా కింద అందరూ తలలు వంచారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను కళ్ళు తెరుచుకునే నిలబడ్డాను. "తండ్రీ, సిస్టరమ్మ ఇంట్లో ఉండే ఈ బిడ్డ చేసిన..." అని ముసలమ్మ అంటుండగానే మేడ మీదుగా ఒక విమానం దిగుతూ వచ్చింది. గుడ్డ రెపరెపలాడింది, మాట వినపడలేదు. ముసలమ్మ అక్కడే ఆగింది. ఒక్కరూ కళ్ళు తెరవలేదు, ఒక్కరూ కదలలేదు. నలభైమందీ తలలు వంచుకుని, నా కోసం, ఆ మోత పోయేదాకా అలాగే ఆగారు.