ఆకును అడిగిన మాస్టారు

వెంకటరత్నం మాస్టారు ఈ ఎడారిదేశంలోని మా కంపెనీ దుక్మ్ సైట్‌లో గుండె ఆగి కన్నుమూశారన్న వార్త మొన్న డ్యూటీ మధ్యలో తెలిసి నిశ్చేష్టుణ్ణయ్యాను. సాయంత్రం సోహార్ ఆఫీసులో సంతాపసభ పెట్టారు. ‘మంచి మనిషి, కాకపోతే చెట్లకు నీళ్లు పెట్టించడంలో కాస్త అశ్రద్ధ’ అన్నారు మేనేజరుగారు. నేను నోరు మూసుకుని పటానికి దండ వేసి వచ్చాను. ఆ దండ వేసిన చేతులను చూసుకుంటే రోత పుడుతోంది.

మాస్టారు గోదావరి జిల్లాలో వృక్షశాస్త్రం బోధించి, పదవీ విరమణానంతరం మా కంపెనీలో తోటల సూపర్‌వైజరుగా చేరిన విద్వాంసులు. నేను కొనుగోళ్లు చూసేవాణ్ణి. చింతపండు పిసికి చూడందే కొనని దుకాణదారుల ఇంట పుట్టి, ఒక హోటల్ తోటకు ఇరవై ఓక్ చెట్లను కాగితం మీది పేరు చూసి కొన్న ఘనుణ్ణి. ‘ఎండకు తట్టుకునే రకం, ఏడాదంతా పచ్చగా ఉంటుంది’ అన్నాడు అమ్మినవాడు. ధర దించానన్న మదంలో నాకు చెట్టే కనబడలేదు.

మాస్టారు అంతకుముందు ఓక్ చెట్టును కళ్లారా చూడలేదు. మూలికల కొట్లో దొరికే మాచికాయ దాని కొమ్మకు పుట్టే బుడిపె అని మాత్రం పాఠం చెప్పారట. తొట్లలో దిగిన ఆ చెట్ల నుంచి నాలుగు ఆకులు, గుప్పెడు కాయలు కోసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, మూడు రోజులు పుస్తకాలతో పోల్చి చూశారు. నాలుగో రోజు నన్ను పిలిచి అరచేతిలో పెట్టారు.

“ఎండదేశపు రకానికి ఆకు దళసరిగా, అడుగున తెల్లటి నూగుతో ఉండాలయ్యా. ఇది పల్చన, అంచంతా అలలు. కాయ చూడు, టోపీ పెట్టుకుని పొడుగాటి కాడకి వేలాడతంది. ఇది చలిదేశపుది. ఇక్కడి జూన్‌కి బతకదు. వెనక్కి పంపెయ్.”

“అమ్మినవాడు అలా చెప్పలేదు మాస్టారూ.”

“అమ్మేవోణ్ణి అడుగుతావేటయ్యా? ఆకుని అడుగు.”

‘చూద్దాం’ అన్నాను. వెనక్కి పంపితే నా బేరం నవ్వులపాలవుతుంది. అందుకని నాటించాను. జూన్ దాటకముందే అన్నీ మాడిపోయాయి.

“ఏం మాస్టారూ, నీళ్లు మంచిగ పెట్టియ్యలేదా?” అని మేనేజరు అందరి ముందూ అడిగారు. నేను ఫోను చూసుకుంటున్నాను.

“పెట్టించానండీ” అని మాస్టారు ఊరుకున్నారు. నా వైపు చూడనైనా చూడలేదు. వారం తిరగకుండా ఆయన్ను దుక్మ్ క్యాంపుకు బదిలీ చేశారు. అక్కడ చూసుకోవడానికి ఒక్క మొక్క లేదు.

కంపెనీ బస్సు ఎక్కబోతుంటే దగ్గరకు వెళ్లి, “నా పేరు ఎందుకు చెప్పలేదు మాస్టారూ?” అని అడిగాను.

“నువ్వే చెబుతావని ఆగానయ్యా.”

అంతటి పాండిత్యాన్ని, అంతటి సహనాన్ని మా కంపెనీ మళ్లీ చూడబోదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ చెట్లకు నీళ్లు తక్కువ కాలేదు. అవి బతకవని మాస్టారు ముందే చెప్పారు. విని కూడా నాటించింది నేను. ఆయన బతికుండగా ఈ నాలుగు మాటలు అని ఉంటే నిజం చెప్పినవాణ్ణి అయ్యేవాణ్ణి. పోయాక రాసి, నివాళి అంటున్నాను.