మరియమ్మ వాచీలో నేను తీసిన చెత్త

నీళ్ళలో పడినా ఏమీ కాదని పెట్టె మీద రాసి అమ్మిన వాచీని, పట్టపగలు, కొన్నావిడ కళ్ళెదుటే, గ్లాసెడు మంచినీళ్ళలో ముంచి చంపబోయిన ఘనుణ్ణి నేను. ఇప్పుడు ఎమ్మిగనూరులో నాకంటూ ఒక వాచీల అంగడి ఉంది, పదిమంది 'వీరేశన్నా' అని పిలుస్తారు, కాబట్టి ఈ సంగతి హాయిగా దాచుకోవచ్చు. కానీ దాచుకుంటే ఇద్దరి మేలు మరిచినట్టవుతుంది. అందుకని పరువును కాసేపు పక్కన పెట్టి చెప్పేస్తున్నాను. మీరు నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఆదోనిలో ఖాజా సాబు దగ్గర వాచీలు బాగుచేసేవాణ్ణి. ఆదోని అంటే పత్తి కదా. జిన్నింగు మిల్లుల్లోంచి లేచే నూగు గాలిలో తేలి ముక్కుల్లోకీ, టీ గ్లాసుల్లోకీ, చివరికి వాచీల్లోకీ దూరేది. ఆ నూగే మాకు అన్నం పెట్టింది. ఏ వాచీ వచ్చినా వెనక మూత తీయడం, సన్న చిమ్టాతో నూగు లాగడం, దాన్ని తెల్లకాగితం మీద పెట్టి గిరాకీకి చూపించడం మా ఆచారం. "సూడన్నా, నీ వాచీలో ఎంత పత్తి పండిందో!" అంటే ఆయన ముఖం వెలిగిపోయేది. చెత్త చూపించకపోతే పని జరిగిందని ఎవరూ నమ్మేవారు కాదు.

అట్లాంటి మా పొట్టమీదికి వాటర్‌ప్రూఫ్ వాచీలు వచ్చి పడ్డాయి. నీళ్ళే దూరని చోట నూగు ఎక్కడ దూరుతుంది? ఒకప్పుడు గొప్పోళ్ళ వాచీ అంటే పలుచగా, బంగారు పూతతో ఉండేది. చేయి కడుక్కోవాలంటే దాన్ని పసిబిడ్డను దించినట్టు దించి జేబులో పడుకోబెట్టేవారు. ఎంత సుకుమారమైతే అంత గొప్ప. ఈ కొత్తవి వచ్చాక అంతా తలకిందులైంది. వాచీతోనే స్నానం చేసి, తడిచేయి నలుగురికీ చూపించేవాడు గొప్పోడైపోయాడు!

సాబు మాత్రం దిగులుపడలేదు. "ఇన్నాళ్ళూ మనం తెరిచేది నేర్చుకున్నాం బేటా. ఇంక మూసేది నేర్చుకోవాల" అనేవాడు. మూయడంలో నేర్చుకునేదేముంది, నా మొహం, అనుకునేవాణ్ణి.

ఒకరోజు సాబు మధ్యాహ్నం నమాజుకు పోయినప్పుడు అంగట్లోకి మరియమ్మ వచ్చింది. హాలహర్వి దగ్గరి పల్లె. కూలిపని మానుకుని, రెండు బస్సులు మారి వచ్చానంది. కొంగుముడి విప్పి మెరిసిపోతున్న ఆడవాళ్ళ వాచీ తీసింది.

"మా పాపకు ఎమ్మిగనూరు ఆస్పత్రిలో నర్సు పని వచ్చిందప్పా. రేప్పొద్దున్నే చేరేది. దినానికి నూరుసార్లు చేతులు కడగాలంట, నాడి చూసేదానికి సెకండ్ల ముల్లు కావాలంట. అందుకే నీళ్ళకు తట్టుకునేది తెచ్చినా. నేను పొద్దు చూసి పనికి పోతి, నా బిడ్డ ముల్లు చూసి పోవాల. పట్టీ వదులుగుండాది, రెండు ముక్కలు తీసియ్యి."

రెండు నిమిషాల పని. బుద్ధున్నవాడైతే ఆ రెండు ముక్కలు తీసి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. నేను కంటికి భూతద్దం బిగించాను.

"ఊరికే పట్టీ ఏందమ్మా, లోపల చెత్త కూడా తీసిస్తా."

"కొత్తదే గదప్పా?"

"కొత్తదైతే మాత్రం? యాడాడ తిరిగొచ్చిందో!"

మూత తీశాను. లోపల ఒక్క పోగు నూగు కూడా లేదు. నాకు అవమానమైపోయింది. ఆవిడ కాగితం వైపే చూస్తోంది, ఏం చూపించను? అంతలో అంచున ఏదో నల్లగా, వెంట్రుకలా, గుండ్రంగా కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. చిమ్టాతో లాగి కాగితం మీద పెట్టాను.

"సూడమ్మా, కొత్త వాచీలో ఎంత మురికో!"

"అయ్యో, మోసం చేసినారే!"

"నేనుండాను గదా" అని కాగితాన్ని నేల మీద దులిపేసి మూత నొక్కేశాను. అంతటితో ఆగితే ఇది కథయ్యేది కాదు. నా పనితనం చూపించాలని వాచీని తాగే నీళ్ళ గ్లాసులో వేశాను.

"అప్పా, బుడగలొస్తాండాయి."

"ఊపిరి పీల్చుకుంటాంది లేమ్మా. ఇంతసేపూ చెత్త అడ్డమున్నింది గదా."

"అద్దం లోపల నీళ్ళు ఊగుతాండాయప్పా."

"అది..."

"ముల్లు నిలిచిపోయింది."

మరియమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మెట్టు మీద కూలబడి, "రేపు పొద్దున చేరాలప్పా బిడ్డ" అని మాత్రం అంది.

అప్పుడే సాబు వచ్చాడు. గ్లాసు చూశాడు, నన్ను చూశాడు.

"ఏం చేసినావ్‌రా?"

"చెత్త తీసినా సాబ్."

"ఏ చెత్త?"

"నల్లగా, గుండ్రంగా, వెంట్రుక మాదిరి..."

సాబు నెత్తి పట్టుకున్నాడు. "అరే పిచ్చోడా! అది చెత్త కాదు, రబ్బరు రింగు! నీళ్ళను ఆపేదే అది. అది లేకుంటే ఇది ఉత్త డబ్బీ!"

సాబు వాచీ తెరిచి నీళ్ళు వంచేలోగా నేను నేల మీద పాకుతున్నాను. మా నేల సంగతి చెప్పాలా? పొద్దుట్నుంచి తీసిన నూగంతా అక్కడే ఉంది. దొరికిందల్లా గుండీలు, సాబు పోగొట్టుకున్న మరలు. అది చూసి మరియమ్మ కొంగు బిగించి వచ్చింది.

"నువ్ లేయప్పా. పత్తిలో ఆకుముక్కలు ఏరి ఏరి అరిగిన కండ్లు ఇవి."

నిమిషం పట్టలేదు. రింగు ఆవిడ వేలి కొన మీద ఉంది.

సాబు లోపలి తడిని అద్ది, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, బల్బు వెచ్చదనంలో చాలాసేపు ఆరబెట్టాడు. ముల్లు కదిలింది. మరియమ్మ "యేసయ్యా" అంది, నేను ఎల్లమ్మను తలుచుకున్నాను. రింగు తుడిచి, గ్రీజు రాసి, కూర్చోబెట్టి, మూత బిగించాడు.

ఇక నీళ్ళలో ముంచి చూడాలి. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. సాబు ఆ ఆడవాళ్ళ వాచీని తన చేతికే పెట్టుకుని, సాయంత్రం నమాజు కోసం కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. వెలుతురులో పట్టి చూపించాడు. అద్దంలో చుక్క చెమ్మ లేదు.

"నలభై ఏండ్లుగా దినానికి ఐదుసార్లు వాచీ విప్పి జేబులో పెట్టుకుంటాండానమ్మా. విప్పకుండా చేతులు కడుక్కునేది ఇంత సుఖమని తెలీదు. నీ బిడ్డది నవాబుల వాచీ."

పట్టీలో ముక్కలు కూడా ఆయనే తీసి, ఆవిణ్ణి బస్సెక్కించి వచ్చాడు. నన్ను పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. "రేపట్నుంచి మూతలన్నీ నువ్వే మూయాల" అన్నాడు, అంతే. ఈరోజు నా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ మాట వల్లే.

రెండేళ్ళ తరువాత ఒక నర్సమ్మ ఆదోని అంగడికి వచ్చింది. మనిషిని ఎన్నడూ చూడలేదు గానీ, చేతికున్న వాచీని ఇట్టే గుర్తుపట్టాను.

"బ్యాటరీ అయిపోయిందన్నా, మార్చాల."

"ఎమ్మిగనూరులో అంగళ్ళే లేవా తల్లీ? ఆ దినం నేను చేసిన ఘనకార్యం మీ అమ్మ చెప్పలేదా?"

"అంతా చెప్పిందన్నా. అందుకే నీ దగ్గరికే పొమ్మనింది. కడమోళ్ళు ఆ రింగును మరిచిపోతే మరిచిపోతారు గానీ, ఆయప్ప మాత్రం సచ్చేదాకా మరిచిపోడు అనింది."

కళ్ళు తడిశాయి. ఆ తల్లికి మనసులోనే దండం పెట్టుకుని, రింగును చంటిపిల్లలా పట్టుకుని, బ్యాటరీ మార్చి ఇచ్చాను.

కనుక ఇది వింటున్న మీ అందరి ఎదుట, కుడిచేత చిమ్టా పట్టి ప్రమాణం చేస్తున్నాను: నాకు తెలియని వస్తువును దేన్నీ ఈ జన్మలో ఇక చెత్త అనను. మా ఆవిడ చారులో తేలే నల్లటి వాటితో సహా.