సొట్టలో పండుగ బొట్టు

ఈ సంగతి నేను రాయడం ఇది మొదటిసారి కాదు. ఉద్యోగంలో ఉండగానే డివిజనల్ మేనేజరుకు రాశాను. రిటైరయ్యాక రీజినల్ ఆఫీసుకు రాశాను. ఆ పైన విజిలెన్స్ విభాగానికీ రాశాను. ఒక చోటి నుంచి ‘మీ లేఖ అందినది’ అని వచ్చింది, మిగతా చోట్ల నుంచి అది కూడా రాలేదు. మా పెన్షనర్ల సంఘం పత్రికకు పంపితే పేజీలు చాలవని తిప్పి పంపారు. ఆ నెల సంచికలో మోకాళ్ల నొప్పులకు మెంతులు ఎలా వాడాలో రెండు పేజీలు వేశారు. మెంతుల మీద నాకు కోపం లేదు. కానీ నేను రాసింది మెంతులపాటి కూడా చేయదని ఎవరో నిర్ణయించారు, ఆ ఎవరో ఎవరన్నది నాకు చెప్పలేదు. అందుకని ఇక్కడ మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.

లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి ఏడాది నన్ను ఏలూరు నుంచి సికింద్రాబాద్ డివిజనల్ ఆఫీసుకు, మోటార్ క్లెయిముల విభాగంలో అసిస్టెంట్ మేనేజరుగా వేశారు. మాలాంటి ప్రభుత్వ బీమా కంపెనీలో ఈ కుర్చీ పని బయటివాళ్లకు అంతగా తెలియదు. బండికి దెబ్బ తగిలితే యజమాని ముందుగా మాకు తెలియజేయాలి. దాన్ని ఇంటిమేషన్ అంటాం. తర్వాత ఒకరు వెళ్లి దెబ్బలు చూసి, చెప్పిన ప్రమాదానికీ ఆ దెబ్బలకూ పొంతన ఉందో లేదో రాయాలి. అది సర్వే. పెద్ద క్లెయిములకు లైసెన్సున్న బయటి సర్వేయరు వెళతాడు. చిన్నవాటిని ఆఫీసులో నాలాంటివాడే చూడవచ్చు. నేను సిఫారసు చేస్తాను, డివిజనల్ మేనేజరు మంజూరు చేస్తాడు. అంతవరకే నా అధికారం. ఆ హద్దు నేనెప్పుడూ దాటలేదు.

ఆ ఏడాది దసరా వెళ్లిన వారంలో ఒక తెల్ల కారు క్లెయిము వచ్చింది. యజమాని సుదర్శన్, రెజిమెంటల్ బజార్‌లో ఇత్తడి, స్టీలు సామాన్ల వ్యాపారి. ఇల్లు బోయిగూడలో. బజారు సందులో ఎదురుగా మలుపు తిరిగిన ఆటో కారుకు తగిలిందనీ, ఎడమవైపు ముందు చక్రం మీది రేకు, అదే వైపు వెనక తలుపు దెబ్బతిన్నాయనీ రాశారు. నడిపింది డ్రైవర్ యాదగిరి. అతని స్టేట్‌మెంటు కింద అతని సంతకం ఉంది.

బండి నడుస్తూనే ఉంది కనుక ఇంకా వర్క్‌షాపులో చేర్చలేదు. ఇంటి దగ్గరే చూస్తానని వెళ్లాను. సందులో కారు పెడితే మనిషి పక్కకు తిరిగి నడవాలి. సుదర్శన్ మర్యాదగానే మాట్లాడాడు. “అంతా క్లియర్ ఉంది సార్, జెర జల్దీ చేయుండ్రి, వర్క్‌షాపోళ్లు డేట్ ఇచ్చిన్రు” అన్నాడు. కుర్చీ మాత్రం వేయించలేదు. నిలబడే చూశాను.

ముందు రేకు మీది దెబ్బలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆటో పసుపు రంగు దాని మీద చారలా అంటుకుని ఉంది. ఎత్తు కొలిస్తే ఆటో ముందుభాగానికి సరిపోయింది. వెనక తలుపు సొట్ట అలా లేదు. అది లోతుగా, నిలువుగా, ఏదో స్తంభానికి ఒరిగినట్టు ఉంది. పసుపు రంగు లేదు. రంగు లేచిన చోట తుప్పు పట్టి ఉంది. అయితే ఆ వారం వానలు. వానల్లో రేకుకు తుప్పు రంగు రావడానికి ఎక్కువ కాలం పట్టదు. తుప్పును నమ్ముకుని రిపోర్టు రాసేవాడు సర్వేయరు కాడు.

నన్ను ఆపింది బొట్టు. దసరాకు బండ్లకు పూజ చేసి గంధం, కుంకుమ పెట్టడం ఇక్కడ ప్రతి ఇంట్లో ఉన్నదే. పండుగ వెళ్లాక వెంటనే తుడవరు, దానంతట అదే పోవాలి. ఈ కారుకూ ప్రతి తలుపు మీద, చక్రాల పైన బొట్లు ఉన్నాయి. ముందు రేకు మీది బొట్టు సగం చెరిగిపోయి, మిగిలిన సగం మీద ఆటో పసుపు గీత పడి ఉంది. అంటే బొట్టు ముందు, దెబ్బ తర్వాత. వెనక తలుపు బొట్టు సొట్ట గుంటలో కూర్చుని ఉంది. పెట్టినప్పుడు తడిగా ఉన్న గంధం కిందికి జారింది. జారి, రేకు మడత దగ్గర ఆగి, ఆ మడత వెంబడి పక్కకు పారి ఎండింది. ఎక్కడా పెళ్ల లేవలేదు. చదునైన తలుపు మీద ఎండిన గంధం, తర్వాత రేకు వంగితే పగిలి రాలిపోతుంది. మడత వెంబడి పారదు. అంటే సొట్ట ముందు, పండుగ తర్వాత. క్లెయిములో చెప్పిన ఆటో ఆ తర్వాత.

ఫొటోలు తీస్తుంటే గడప మీద కూర్చున్న పెద్దావిడ పలకరించింది. సుదర్శన్ తల్లి.

“పోటువలు దియ్యి గానీ బొట్టు చెరపకు సారూ, పండుగది.”

“చెరపనమ్మా. సొట్టలో కూడా పెట్టారే?” అన్నాను. మామూలుగానే అన్నాను.

“మరి పెట్టకుంటెట్ల? అన్ని తలుపులకు పెట్టి గీ ఒక్కదాన్ని ఇడిస్తే గది సుత మొఖం మాడ్సుకుంటది. సొట్ట బండికి పడ్డది గని బొట్టుకు పడ్డదా?”

సుదర్శన్ నా వైపు చూడకుండా, “అమ్మా, నువ్ లోపల్కి పో. చాయ్ పెట్టు” అన్నాడు. ఆమె లేచి వెళ్లాక నాతో, “ముసల్ది సార్. ఏం యాదికుండదు” అన్నాడు. ఆ చాయ్ నేను తాగలేదు. క్లెయిము ఉన్న ఇంట్లో ఏమీ తాగకపోవడం నా అలవాటు.

నిజం చెప్పాలంటే, అప్పటికి నాకు కోపం రాలేదు. ఇలాంటివి చాలా చూశాను. ప్రతి క్లెయిములోనూ మొదటి కొంత మొత్తం యజమానే భరించాలి. రెండు దెబ్బలకు రెండుసార్లు భరించడం ఎందుకని పాత దెబ్బను కొత్త ప్రమాదంలో కలిపేస్తారు. వర్క్‌షాపువాళ్లే సలహా ఇస్తారు. వాళ్లు దాన్ని మోసం అనుకోరు, బేరం అనుకుంటారు. ముందు రేకుకు ఇచ్చి తలుపుకు ఇవ్వకుండా రాస్తే సరిపోతుంది. నేను సుదర్శన్‌కు ఫోన్ చేసి తలుపు సొట్ట ఈ ప్రమాదానిది కాదని మర్యాదగా చెప్పాను.

అక్కడే వ్యవహారం తిరిగింది. తనకేమీ తెలియదనీ, తలుపు సొట్ట కూడా డ్రైవరే పెట్టి తన దగ్గర దాచి ఉంటాడనీ అతను అన్నాడు. ఆ వారంలోనే యాదగిరిని పనిలోంచి తీసేశాడు.

యాదగిరి ఆఫీసుకు వచ్చాడు. బొల్లారంలో ఉంటాడు, నలభై దాటిన మనిషి. నా బల్ల ముందు నిలబడి కూర్చోనంటే బలవంతాన కూర్చోబెట్టాను. జరిగింది చెప్పాడు. ఆటో తగిలిన మాట నిజం. తలుపు సొట్ట పండుగకు ముందే పడింది. సేఠ్ సుదర్శన్ బావమరిది బండి తీసుకెళ్లి గోదాము షట్టర్ స్తంభానికి గుద్దాడు. ఇంట్లో అందరికీ తెలుసు. వర్క్‌షాపులో ఖాళీ ఫారం మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకోవడం మా రంగంలో ఉన్న జబ్బు. అందరికీ తెలుసు, ఎవరూ రాయరు.

బొల్లారంలోనే ఒక రిటైర్డ్ డాక్టరుగారింట్లో అతనికి డ్రైవరు పని దాదాపు ఖాయమైంది. ఆ డాక్టరుగారు పాత యజమానికి ఫోన్ చేశారు. సుదర్శన్ ‘బండి గుద్ది దాచిపెట్టే మనిషి’ అన్నాడు.

“నాకు పైసలొద్దు సార్. గా సొట్ట నాది కాదని మీ రిపోర్టుల రాయుండ్రి. డాక్టర్‌ సాబ్‌కు సూపెట్టుకుంట” అన్నాడు యాదగిరి.

“సుదర్శన్ గారి అమ్మగారు నా ముందే చెప్పేశారు. ఆవిడ మాట కూడా రాస్తాను” అన్నాను.

అతను చేతులు అడ్డం ఊపాడు. “వద్దు సార్, అమ్మను నడుమల తేవొద్దు. గామె పేరు కాగితంల కనిపిస్తే కొడుకు గామెను పరేషాన్ చేస్తడు. రోజు పొద్దున చాయ్ పోసినామె. మీ పోటువలు ఉన్నయ్ గద, చాలదా?”

చాలుతుందనే అన్నాను. ఫొటోలు స్పష్టంగా ఉన్నాయి. పైగా క్లెయిము సంగతి తెలియని పెద్దావిడ యథాలాపంగా అన్న మాటను వాంగ్మూలంగా వాడటం నాకూ ఇష్టం లేదు. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అంటాను. ముందు రేకు చెల్లించదగినది, వెనక తలుపు దెబ్బ ప్రమాదానికి ముందుది, దానితో డ్రైవరుకు సంబంధం లేదు అని కారణాలతో, ఫొటోలతో రిపోర్టు రాసి మంజూరుకు పంపాను.

మా డివిజనల్ మేనేజరు నన్ను పిలిచాడు. నాకంటే వయసులో చిన్నవాడు. ఆ గదిలో అప్పటికే ఇద్దరు అధికారులు కూర్చుని టీ తాగుతున్నారు.

“మూర్తిగారూ, తలుపు మీద బొట్టు చూసి క్లెయిము కొట్టేస్తారా? రేపు ఆడిట్‌కి ఏమని చెప్పను, కుంకుమశాస్త్రం ప్రకారం అని రాయనా?”

టీ తాగుతున్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

“కుంకుమ కాదండీ, గంధం ఎటు పారిందో చూడమంటున్నాను. ఫొటో పెద్దది చేసి చూడండి” అన్నాను.

“చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? సాక్షి?”

ఫొటోలే సాక్ష్యం అన్నాను. అతను ఫైలు పక్కన పెట్టి, ఆ వ్యాపారి షాపు, గోదాము, ఇంట్లోవాళ్ల బండ్లు, అన్నింటి పాలసీలూ మన దగ్గరే ఉన్నాయనీ, రెన్యూవల్ దగ్గరపడిందనీ చెప్పాడు. అలాంటప్పుడు చెల్లిస్తే చెల్లించండి, అది మీ అధికారం, కానీ డ్రైవరు గురించి నేను రాసింది అలాగే ఉంచండి అన్నాను. రెండూ ఒకేచోట ఎలా ఉంటాయి అన్నాడు. ఆ మాట సబబే. తలుపుకు చెల్లించాలంటే తలుపు దెబ్బ ఆ రోజుది కావాలి, ఆ రోజు బండి నడిపింది యాదగిరి. ఆ ఒక్క లెక్కలో అతను ఇరుక్కున్నాడు.

తర్వాత రెండో సర్వే వేశారు. ఒక సర్వే అయ్యాక ఇంకొకటి వేయాలంటే మొదటిది ఎందుకు పనికిరాదో కారణం ఫైలులో రాసి తీరాలి. ఏ కారణం రాశారో నాకు చూపలేదు. వేసిన సర్వేయరు బండి దగ్గరకు వెళ్లలేదు. వర్క్‌షాపు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాడు. సొట్ట తీయడానికి ముందు బండి కడుగుతారు కదా, కడిగాక తీసినవి అవి. గంధం లేదు, కుంకుమ లేదు, తళతళలాడే తలుపు, దాంట్లో సొట్ట. దెబ్బలన్నీ ఒకే ప్రమాదానివి, కారణం డ్రైవరు అజాగ్రత్త అని రాశాడు. క్లెయిము పూర్తిగా మంజూరైంది. నా రిపోర్టు గురించి ఒక్క ముక్క కూడా లేదు, తప్పని కూడా రాయలేదు. తప్పని రాస్తే నేను జవాబు చెప్పేవాణ్ణి.

రిటైరయ్యేదాకా ఆఫీసులో నన్ను వెనకాల ‘బొట్టు సర్వేయర్’ అన్నారు. వీడ్కోలు సభలో కూడా ఒకాయన మైకులో ఆ మాట అని నవ్వించాడు. శాలువా కప్పుతూ ఉండగా అన్నాడు.

అది నా విషయం, పోనివ్వండి. యాదగిరి రెండోసారి వచ్చినప్పుడు నేను అతనికి చూపించడానికి ఏమీ లేదు. ఉన్న రిపోర్టులో అతని పేరు పక్కన అజాగ్రత్త అని ఉంది. చెప్పాను. “మీరైతే రాసిన్రు గద సార్” అన్నాడు.

“రాశాను.”

“మరి రాసింది యాడికి పోయింది?”

 డాక్టరుగారు వేరే డ్రైవరును పెట్టుకున్నారు. నేనే స్వయంగా బొల్లారం వెళ్లి ఆయనతో మాట్లాడాను. ఆయన మంచివాడే. “మీరు చెబుతున్నారు సరే, కానీ కంపెనీ రిపోర్టు ఇంకోలా ఉందట కదండీ” అన్నారు. ఆ కంపెనీ తరఫున ముప్ఫై ఏళ్లు రిపోర్టులు రాసినవాణ్ణి నేను. లేచి వచ్చేశాను. యాదగిరి ఇప్పుడు నీళ్ల ట్యాంకరు నడుపుతున్నాడు. రాత్రీ పగలూ తేడా లేని పని. ఆఖరిసారి కనిపించినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఈ ఉదంతం నేర్పింది ఒకటే. రిపోర్టులో డబ్బు రాసే గడిని నలుగురు సరిచూస్తారు. డ్రైవరు పేరు పక్కన కారణం రాసే గడిని ఎవరూ చూడరు, ఎందుకంటే దానివల్ల కంపెనీకి ఖర్చు లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది, ఆ గడిని కూడా డబ్బు గడిలాగే చూడండి అని. యజమాని నష్టం భర్తీ అవుతుంది. ఆ గడిలో పడ్డ మాటకు భర్తీ లేదు.

సమాచార హక్కు కింద ఆ ఫైలు చూపమని కంపెనీని అడిగితే, మూడో వ్యక్తికి సంబంధించిన సమాచారం గనుక ఇవ్వలేమన్నారు. ఆ మూడో వ్యక్తి యాదగిరి అయితే, కంపెనీవారూ, అతనే సంతకం పెట్టి అడిగిన దరఖాస్తు కూడా మీ దగ్గర ఉంది. దానికీ జవాబు లేదు. డివిజనల్ మేనేజరు కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు, తెలియనక్కరలేదు. చెల్లించిన డబ్బు వెనక్కి తెమ్మనడం లేదు, ఎవరినీ శిక్షించమనడం లేదు. మొదటి సర్వేను పక్కన పెట్టడానికి ఫైలులో రాసిన కారణం ఏమిటి? రాసి ఉంటే చూపించండి. రాయలేదంటే, రాయలేదని ఒక్క వాక్యం, సంతకంతో యాదగిరి పేరున పంపండి. నాకు పంపకపోయినా ఫరవాలేదు. అతనికి జవాబు చెప్పండి.