గుగ్గిలం చల్లిన చెయ్యి

యుద్ధకాలంలో చింతామణి నుంచి బెంగళూరు పోతుంటే జంగమకోటె దగ్గర మా బస్సు నిలిచింది. ఇంజను మాత్రం ఆపలేదు. జారుతున్న ఫ్యాను బెల్టు మీద పట్టు కోసం గుగ్గిలం పొడి చల్లబోయిన కండక్టరు చేతిని, నా పక్కసీటు ముసలాయన దిగొచ్చి కర్రతో ఫెడీమని కొట్టాడు. వేళ్లు చిట్లి రక్తం కారింది. జనం ఆయన్ని కిందపడేసి తన్నారు. పెనుగులాటలో ఆయన కప్పుకున్న శాలువా జారింది. మోచేతి కింద కుడిచెయ్యి లేదు. తన్నే కాళ్లు ఆగిపోయాయి.

"బెంగళూరు బేకరీలో పిండి కలిపే మిషన్ బిగుసుకునింది. మోటారు తిరక్కుండా మూలుగుతా ఉన్నింది. బెల్టు జారిందనుకుని నేనూ ఇట్లే గుగ్గిలం చల్లినా. లోపల పిండిముద్ద వదిలింది, బెల్టు నా చెయ్యి లాక్కునింది."

మూతి మీది రక్తం తుడుచుకుని డ్రైవరును చూశాడు. "ఇప్పుడన్నా ఇంజను ఆపప్పా."

మేం తన్నుతున్నంతసేపూ అది తిరుగుతూనే ఉంది.