గొర్రెల ఆట కంపెనీ మూతపడింది

మా చిన్నప్పుడు... హిందూపురంలో మస్తాన్ మామ సోడా అంగడిలో ఓ మూలన నిలువెత్తు వీడియో గేమ్ మిషను ఉండేది. రూపాయి బిళ్ల వేస్తే తెర మీద ఎర్ర తలగుడ్డ కట్టిన కాపరి వచ్చేవాడు. వాడి వెనక గొర్రెలు, ఎదురుగా దూసుకొచ్చే లారీలు. మందను రోడ్డు దాటించాలి... అంతే ఆట. ఒక్క గొర్రె లారీ కింద పడినా అంగడంతా అయ్యో అనేది.

సెలవులొస్తే పెనుకొండ నుంచి మా అవ్వ ఇంటికి వచ్చేదాన్ని. సంచి గడపలో పడేసి నేరుగా అంగడికే పరుగు. ఆ మిషను, అందులోని ఆట రెండూ బెంగళూరులో ఓ చిన్న కంపెనీ వాళ్లు తయారు చేసినవే.

ఒకసారి ఆయుధపూజ నాడు వీధిలో సైకిళ్లకు, కుట్టుమిషన్లకు పూజలవుతుంటే, మా అవ్వ తట్ట పట్టుకుని అంగడికి వచ్చేసింది.

"అన్నిటికీ చేసి దీన్నొదిలేస్తారా మస్తానూ?"

"నీ ఇష్టం పెద్దమ్మా, చెయ్యి" అన్నాడు మామ.

పసుపు, కుంకుమ పెట్టింది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత మిషను అంచుకే ఠపీమని టెంకాయ కొట్టింది... నీళ్లన్నీ బటన్ల సందుల్లోకి. కాపరీ లేడు, గొర్రెలూ లేవు, తెర నల్లబడింది. అవ్వ మొహం చూడాలి అప్పుడు.

రెండ్రోజులకు కంపెనీ మెకానిక్ నాగరాజన్న రైల్లో వచ్చాడు. తిడతాడని అందరం బిక్కచచ్చి నిలబడ్డాం. వెనక తలుపు తెరిచి చూసి పగలబడి నవ్వాడు.

"ఏమవ్వా, గొర్రెలకు దప్పికయిందని నీళ్లు తాపినావా?"

అన్నీ విప్పి, తుడిచి, ఆరబెట్టి, సాయంత్రానికి బాగు చేశాడు. మొదటి ఆట అవ్వ చేతనే ఆడించాడు. ఆ రోజు నుంచి నాకది మనవాళ్ల కంపెనీ.

తర్వాత ఫోన్లొచ్చాయి... మాల్స్ వచ్చాయి... కంపెనీ ఎన్నాళ్లో నెట్టుకొచ్చి, ఈ ఏడాది మూసేసింది. పోయిన నెల మామ మిషనూ ఆగిపోయింది. తల నెరిసిన నాగరాజన్న, దొరికిన సామాన్లు సంచిలో వేసుకుని మళ్లీ వచ్చాడు. నేనూ సెలవు పెట్టి వెళ్లాను. ఒక్కసారి ఆ తెర వెలిగితే చాలనుకున్నాను.

పొద్దుటి నుంచి కూర్చున్నాడు పాపం. "బోర్డు పోయిండాది మామా. కంపెనీ ఉంటే చేసిస్తాండిరి. ఇంక యాడా దొరకదు" అన్నాడు.

మామ ఓ సోడా కొట్టి చేతికిచ్చాడు. "పోనీలేప్పా, నీదేముంది. ఈడే ఉండనీ దాన్ని."

స్టేషన్ దాకా నేను తోడు వెళ్లాను. రైలు కోసం నిలబడినప్పుడు అడిగాడు.

"నిజం చెప్పుమ్మా... మా ఆట బాగుండిందా? లేకపోతే ఈడ వేరేది లేక ఆడినారా?"

ఆయన చేతిలోని సామాన్ల సంచి నేను అందుకున్నాను.

"ధర్మవరంలో మా మేనత్త ఇంటి పక్కనే పెద్ద గేమ్స్ అంగడి ఉండె అన్నా. అన్నీ ఫారిన్ మిషన్లే. సెలవులకు ఆడికి పొమ్మంటే, ఏడ్చి ఏడ్చి ఈడికే వస్తాంటి."

మొహం పక్కకు తిప్పుకుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. "ఈ మాట మా ఓనరుకు చెప్తా. ఆట జనానికి నచ్చిందా లేదా అని ఆయప్ప ఇంకా ఆలోచన చేస్తాండాడు" అన్నాడు.

ఇప్పుడు మా పిల్లల ఫోన్లో లెక్కలేనన్ని ఆటలు... ఎవరు చేశారో వాళ్లకూ తెలీదు, నాకూ తెలీదు. మీ చిన్నప్పటి ఆటను తయారు చేసినవాళ్లు, బాగు చేసినవాళ్లు ఎవరైనా గుర్తున్నారా? ఉంటే ఆ ఆట మీకెంత నచ్చేదో కింద రాయండి... ఎవరో ఒకరు వాళ్లకు చూపిస్తారు.